ఫోన్ ఎవరు పెట్టేయాలి

గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. బేరంలో నోరు మూసుకుని కూర్చుంటే ఎదుటివాడే దిగొస్తాడని చిన్నప్పుడే పట్టేశాను.

రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో బండి ఎంతకీ రాక, ఒకచోట కూర్చోలేక, అటూ ఇటూ తిరుగుతూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. వారంటీ దాటిన వాషింగ్ మెషీన్‌ను ఊరికే బాగు చేయించుకోవాలని నా ఎత్తు. అటువైపు అమ్మాయి కుదరదంది. నేను స్పీకర్ పెట్టి మౌనం పట్టాను. "హలో సర్, ఆప్ సున్ రహే హై?" అని, వింటున్నానో లేదో ఆమె అడుగుతూనే ఉంది.

"ఇంకో నిమిషంలో దారికొస్తుంది," అని తెలుగులో గొణుక్కున్నాను.

"రాదంకుల్," అంది దగ్గర్లో కుర్చీలో కూర్చున్న ఇంకో అమ్మాయి, తెలుగులోనే. "నేనూ కాల్ సెంటర్‌లో చేశా. కస్టమర్ పెట్టేదాకా మేం ఫోన్ పెట్టకూడదు. ఒకాయన కాల్ చేసి, ఫోన్ టేబుల్ మీద పడేసి భోజనం చేశాడు. ముప్పావుగంట హలో హలో అన్నా. ఆఖరికి కట్ చేసేశా. మర్నాడే నౌకరీ తీసేశారు."

"మరి ఈ అమ్మాయి?"

"ఆమె కూడా కట్ చేస్తే అంతే. ఎవరూ చేయకపోతే, నీళ్ళు కూడా తాగకుండా అట్లనే కూర్చోవాలి."

సిగ్గుపడ్డానని రాసుకుంటే బావుండేది. ముందు మాత్రం గెలిచే బేరం చేజారిందని నా ప్రాణం ఉసూరుమంది. వద్దులే బేటీ అని హిందీలో చెప్పి ఫోన్ పెట్టేశాను.

"ఇప్పుడామెకి పది సెకన్లు దొరుకుతాయి. తర్వాత ఇంకో కాల్," అంది. అంటూనే తన సీసా మూత తీసి, గబగబా రెండు గుక్కలు మింగి, మూత బిగించేసింది.

"నిదానంగా తాగమ్మా, బండి ఇంకా రాలేదు," అన్నాను.

నవ్వింది గానీ, మూత మళ్ళీ తియ్యలేదు.