తొక్కు, పట్టు, వదులు

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కారు కింద పడుకోవాలి, ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాలి. మా ఆయన కార్లు బాగుచేసే మేస్త్రీ. కింద పడుకునేది ఆయన, తొక్కేది నేను. పెళ్లయిన రెండో నెల నుంచీ ఇదే వరస. నాకు కారు నడపడం రాదు. బ్రేకు తొక్కడం మాత్రం నలభై రెండేళ్లుగా వచ్చు.

ఆయన కింద నుంచి "తొక్కు" అంటాడు. నాలుగైదుసార్లు తొక్కుతాను. "పట్టు" అంటాడు. అదిమి పట్టుకుని "పట్టినా" అని చెబుతాను. ఆ మాట విన్నాక ఆయన చక్రం వెనకాల ఉండే చిన్న నట్టు వదులు చేస్తాడు. దానికి తగిలించిన సన్న గొట్టంలోంచి బ్రేకు ఆయిలు, గాలి బుడగలు కలిసి గాజు సీసాలోకి దిగుతాయి. నా పాదం కింద బ్రేకు మెల్లగా అడుగుదాకా పోతుంది. అప్పుడు కాలు తీయకూడదు. ఆయన నట్టు బిగించి "వదులు" అన్నాకే తీయాలి. ముందే తీస్తే బయటికి పోయిన ఆయిలూ గాలీ వెనక్కి ఎక్కుతాయి, అంతవరకు చేసిన పని పాడవుతుంది. ఇన్నేళ్లలో చెప్పకముందు నేను కాలు తీసింది ఒక్కసారే. దాని గురించే ఇది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై మూడో ఏట. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి వెనక గదిలో ఒక టీచరమ్మ మాలాంటి ఆడవాళ్లకు నేర్పేది. మా ఆయన తమిళ బడిలో మూడో తరగతి దాకా చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. కాబట్టి ఆయన చెవుల సంగతి ఇక్కడ రాస్తే గొడవ లేదు.

కారు పురసవాక్కంలో బట్టల కొట్టున్న ఒక పెద్దాయనది. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది. అందులో కూర్చుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి మోకాళ్లు కనపడతాయి. వయసులో ఉండగా కొన్నాడట. పెళ్లయి పిల్లలు పుట్టాక అందరూ పట్టే కారు కొనుక్కుని, దీన్ని తిరువొత్తియూరులో తన గోడౌనులో పెట్టి గోనెపట్టాలు కప్పాడు. ఇరవై రెండేళ్లు అట్లాగే ఉంది. ఆ గోడౌను వెనక గోడ దాటితే సముద్రం. అలాంటి చోట ఇనుము పెట్టడమంటే చెదలకు తలుపు అప్పజెప్పడమే.

గోనెపట్టాలు తీసిన రోజు పెద్దాయన కారులో కూర్చుని, లేవలేక మా ఇద్దరి చేతులు పట్టుకున్నాడు.

"కూర్చునేదానికి నేనొకడినే చాలు మేస్త్రీ, లేచేదానికే ముగ్గురు కావాల," అన్నాడు. "డెబ్బై దాటినాయి. ఈ మోకాళ్లు పూరా పోకముందు బీచి రోడ్డు మీద ఒకే ఒక్కసారి నడపాల."

"ఇంట్లో అమ్మగారికి తెలుసా అయ్యా?" అని అడిగాను.

"తెలిస్తే కారును బయటికి తీసి నన్ను ఈడ పెట్టి పట్టా కప్పుతాది. నువ్వు సుమ్మా ఉండమ్మా, నోరెత్తొద్దు."

మూడు వారాలు పట్టింది ఇంజను దగ్గరే. సీట్లో ఎలుకలు గూడు కట్టాయి. ట్యాంకులో పెట్రోలు పాకంలా గట్టిపడి గోకితే గానీ రాలేదు. మా ఆయన ప్లగ్గులు ఊడదీసి లోపల ఆయిలు పోసి నాలుగు రోజులు నానబెట్టాడు. తర్వాత చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఇంజనును కదిలించాడు. ఆ పనిలో ఆయనకు తొందర ఉండదు. ఇంట్లో అన్నం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఓర్చుకోలేని మనిషి, తుప్పు పట్టిన నట్టు ముందు పగలంతా కూర్చుంటాడు.

స్టార్ట్ చేసిన రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను. తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అంటుకుంది, గోడౌను రేకులు అదిరాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మా ఆయన మాత్రం తాళం వదల్లేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఈయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. లోపల పళ్లు పళ్లు రాసుకుని గరగరమని ఒకటే మోత.

"ఏం మేస్త్రీ, సెల్ఫు మోటారును పిండి పడతా ఉండావా?" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

ఆ మాటకూ తల తిప్పలేదు. నేను భుజం మీద కొట్టాను. అప్పుడు తాళం వదిలి బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు. అదురు తెలిశాక నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

ఇంజను అంటుకున్న మోత ఆయన చెవికి ఎక్కలేదు. టీవీ సౌండు పెంచడం, పిలిస్తే పలకకపోవడం, "నువ్వు గొణుగుతావు, గట్టిగా చెప్పవు" అని నా మీదే నెట్టడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఇంటికి పోయాక అడిగాను.

"నీ చెవులు ఎన్నాళ్ల నుంచి పనిచెయ్యడం లేదు?"

"నా చెవులకేం. నీ నోరే పాతదైపోయింది."

"డాక్టరుకి చూపించుకో."

"చూపించుకుని? చెవిటోడు ఇంజను పట్టుకున్నాడని వీధంతా చెప్పుకునేదానికా? నాకు ఉండేదే ఈ చెవి. అది లేదంటే ఇంక నేనెందుకు పనికొస్తా?" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున "రా, బ్రేకులు చెయ్యాల" అన్నాడు. అదే రాజీ. నేను ఇంకేం అనకుండా వెళ్లాను.

ఆ రోజు కారుకు ఒక్క చక్రం కూడా లేదు. టైర్లు ఎండి పగిలాయని నాలుగు చక్రాలూ ఊడదీసి కొత్త టైర్లు వేయించడానికి చిన్న లారీలో మాధవరం పంపారు, పెద్దాయన కూడా లారీతోపాటే వెళ్లాడు. కారు నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. మామూలుగా మా ఆయన కింద పడుకునే ముందు ఊడదీసిన చక్రాన్ని కారు కిందికి తోసి పెడతాడు. స్టాండు జారినా కారు చక్రం మీద ఆగుతుంది, మనిషి మీదికి రాదు. ఆ రోజు తోయడానికి చక్రం లేదు.

ఇంకొక అలవాటు ఉంది. స్టాండు ఎక్కడ ఆనుతుందో అక్కడి ఇనుమును స్పానరుతో కొట్టి వింటాడు. మంచి ఇనుము టంగుమంటుంది. తుప్పు తిన్నది తడి చెక్కలా దబ్బుమంటుంది. కారు అడుగంతా ఎప్పుడో తారు పూసి ఉంది, కంటికి నున్నగా నల్లగా బాగానే కనపడింది. ఆయన కొట్టాడు. కుడి పక్క టంగుమంది. ఎడమ పక్క వెనక వైపు దబ్బుమంది.

"బాగుండాది," అన్నాడు.

నేను విన్నాను. తారు మందంగా ఉంటే అట్లా మోగుతుందేమో అనుకున్నాను. నలభై ఏళ్లు కొట్టి విన్నవాడికి నేను చెప్పేదేమిటి అనుకున్నాను. ఇవన్నీ సాకులు. మళ్లీ చెవుల మాట ఎత్తితే మళ్లీ మూడు రోజులు మాటలుండవని నోరు మూసుకున్నాను. మామూలుగా నేను నోరు మూసుకునే మనిషిని కాదు. మూసుకోకూడని రోజు మూసుకున్నాను.

జాగ్రత్తగా ఎక్కి కూర్చున్నాను. ఆయన ఎడమ వెనక చక్రం ఉండాల్సిన చోట వెల్లకిలా పడుకుని తల లోపలికి పెట్టాడు. పక్కనున్న లేత్ షాపులో ఇనుము కోస్తున్న చప్పుడు.

"తొక్కు."

తొక్కాను.

"పట్టు."

"పట్టినా," అన్నాను. నా మాట పూర్తి కాకముందే నట్టు వదిలాడు. బ్రేకు కిందికి దిగింది. నా జవాబు కోసం ఆగడం లేదని అప్పుడు తెలిసింది. అంచనాగా నట్టు వదిలి, గొట్టంలో ఆయిలును చూసి బిగిస్తున్నాడు. నేను చెప్పినా చెప్పకపోయినా ఆయనకొకటే.

నాలుగైదుసార్లు అట్లా అయింది. తర్వాతిసారి పట్టుకుని ఉండగా వెనక నుంచి సన్నటి చప్పుడు వినపడింది. చేటలోంచి నూకలు రాలినట్టు. నేల మీద ఏదో రాలుతోంది. కాసేపు ఆగింది, మళ్లీ రాలింది.

ఎదురు గోడ మీద సున్నానికీ నీలానికీ మధ్య ఒక గీత ఉంది. నేను ఎక్కి కూర్చున్నప్పుడు ముందు అద్దం పైచట్రం సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఇప్పుడు చట్రం ఎడమ మూల గీతకు కిందికి వచ్చింది. అర వేలు. చూస్తుండగానే ఒక వేలు.

"ఏమయ్యా, బయటికి రా," అని పిలిచాను. పలకలేదు. గొంతు చించుకుని పిలిచాను. లేత్ షాపు మోత నా అరుపు మీద నుంచి పోయింది. సీసా నేల మీద ఇంకోవైపు జరుపుకున్న చప్పుడు వినపడింది. హాయిగా పని చేసుకుంటున్నాడు.

దిగుదామంటే ఆ సీటు కారు అడుగుకు ఆనుకుని ఉంది. అంచు మీద చెయ్యి ఆనించి ఒంటి బరువంతా వేస్తే గానీ లేవలేను. ఆ ఊపు చాలు, కారు దిగిపోవడానికి. చేత్తో రేకు మీద కొడదామంటే అదురు అదురే. ఊపిరి గట్టిగా పీల్చడానికే భయమేసింది. ఆయన తల ఎక్కడుందో నాకు తెలుసు. నా వీపుకు మూడు అడుగుల వెనక. ఆ తల మీదికి దిగబోయే బరువులో నేనూ ఉన్నాను. ప్రార్థన కూడా రాలేదు. ఒంట్లో ఉన్న ప్రాణమంతా కుడి పాదంలోకి పోయింది.

అప్పుడే తట్టింది. కాలు తీస్తే కారు కదలదు. నట్టు ఇంకా బిగించలేదు గనక ఆయిలు మాత్రం వెనక్కి ఎక్కుతుంది. ఆయన చూస్తున్నది ఆ గొట్టాన్నే.

కాలు తీశాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కింద నుంచి తిట్టు వినపడింది. అది ఇక్కడ రాయను. పాకుతూ బయటికి వచ్చాడు, ముందు తల, తర్వాత భుజాలు, ఆఖరున కాళ్లు. ఆ కాళ్లు బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

"నిన్ను వదలమని చెప్పినానా? పొద్దట్నించి చేసిందంతా పాడు చేసినావు గదే. కాలు నిద్రపోయిందా, నువ్వు నిద్రపోయినావా?" అని స్పానరు ఊపుతూ కారు దగ్గరికి వస్తున్నాడు.

 రెండు చేతులూ ఎత్తి అరచేతులు చూపించాను, ముట్టుకోవద్దని. ఆయన ఆగాడు.

కారు దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాదు. పాత డబ్బాను కాలితో తొక్కినట్టు నలిగి, స్టాండు రేకులోంచి పైకి పొడుచుకొచ్చింది. ఎడమ వెనక మూల నేలకు తగిలింది. నా పళ్లు టక్కుమని కొట్టుకున్నాయి. నాలుక తెగింది. గాజు సీసా పొడి అయింది.

ఆయన ఆ సీసా వైపు చూశాడు. తర్వాత నా వైపు. వచ్చి చంకల కింద చేతులు పెట్టి నన్ను బయటికి లాగి నేల మీద కూర్చోబెట్టాడు. ఆయనా నా పక్కనే కూలబడ్డాడు.  

తర్వాత లేచి, స్పానరు తీసుకుని, కుడి పక్క అంచు మీద కొట్టాడు. చెవి దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి మళ్లీ కొట్టాడు. ఎడమ పక్క మిగిలిన రేకు మీద కొట్టాడు.

"రెండూ ఒకటిగా మోగతా ఉండాయా?" అని అడిగాడు.

"లేదు," అన్నాను.

తల ఊపాడు. మళ్లీ కొట్టలేదు.

మధ్యాహ్నానికి పెద్దాయన చక్రాలతో వచ్చాడు. ఒరిగిన కారును చూసి, నా చీర మీద రక్తం చూసి, లారీ మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"నాకొద్దు మేస్త్రీ ఈ బండి. మనిషిని మింగేదానికి చూసినాది. పాత ఇనుముకు వేసేయండి."

"బండి తప్పు లేదయ్యా," అన్నాడు మా ఆయన. నేల చూస్తూ అన్నాడు గానీ గట్టిగానే అన్నాడు. "రేకు పోయిందని కొట్టినప్పుడే చెప్పింది. నాకు వినపడలేదు. నాకు చెవులు పోయి రెండేళ్లయింది."

పెద్దాయన లారీ మెట్టు మీద కొంచెం జరిగి ఆయనకు చోటిచ్చాడు. "మా ఇంట్లో ఆమె కూడా నాకు వినపడదనే అంటుంది," అన్నాడు. "నాకు బాగా వినపడుతుంది. అది ఆమెకు నేను చెప్పలే."

అడుగు రెండు పక్కలా కోసి కొత్త ఇనుము అతికించడానికి వెల్డరుకు వారం పట్టింది. మళ్లీ గాలి తీసిన రోజు నాలుగు చక్రాలూ కారు కింద పడుకోబెట్టాం. స్పానరుతో ఆయన కొట్టాడు, విన్నది నేను. ఆయన మణికట్టుకు నా పాత చీర అంచు చింపి కట్టి రెండో కొస నా చేతికి చుట్టుకున్నాను, లాగితే బయటికి రమ్మని. "ఎద్దును కట్టినట్టు కట్టినావే" అన్నాడు. కట్టనిచ్చాడు. పని అయినంతసేపూ గోడ మీది గీతనే చూస్తూ కూర్చున్నాను. గీత కదల్లేదు. నా భయమూ కదల్లేదు. ఇప్పటికీ ఆయన కారు కింద దూరితే నా చెవులు నూకల చప్పుడు కోసం వెతుకుతాయి.

బండి బయటికి తీసిన ఉదయం పెద్దాయన స్టీరింగు ముందు, మా ఆయన పక్కన. మా ఆయన చెయ్యి చాపి తాళం తిప్పాడు. తిప్పుతూ ఇంజను వైపు చూడలేదు, గేటు దగ్గర నిలబడ్డ నా చెయ్యి వైపు చూశాడు. అంటుకోగానే చెయ్యి ఎత్తాను. వెంటనే తాళం వదిలాడు. గరగర లేదు.

కారు గేటు దాకా వచ్చి, నా ముందు బ్రేకు పడి ఆగింది.

"ఏందే చెయ్యి అట్లా ఊపుతా ఉండావు? ఆపమంటావా?" అని అరిచాడు మా ఆయన.

నేను ఊపడం లేదు. అది వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని, రోడ్డు వైపు చూపించాను, పొమ్మని.