గవరమ్మ గోడ మీద మూడు పలకలు

గవరమ్మ మా దీవిలోని జంగ్లీఘాట్‌లో ఎండుచేపలు అమ్ముతుంది. సునామీ తర్వాత మళ్లీ వేసుకున్న చెక్క ఇంటికి పెరటి గోడ మీద బొగ్గుతో గుర్తులు పెడుతుంది. నెత్తళ్ల చేపలు బాగా ఎండితే నిలువు గీత, వానకు పాడైతే సున్న. గోడలో ఏడాదికొక చెక్కపలక. చదువు రాదు. ఎందుకు పెడతావంటే, "మరిసిపోతాను గదా బాబూ" అంది.

డెలానీపూర్‌లో గుమాస్తాగా రిటైరయ్యాక నాకు పుస్తకాలే పని. రెండేళ్ల కిందట సూర్యుడి మీద ఒకటి చదివాను. సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయట. అవి ఎక్కువున్నప్పుడు వెలుగూ ఒక పిసరు ఎక్కువట. ఆ లెక్కతో గవరమ్మ గోడ చూశాను. మచ్చలు లేని రెండువేల తొమ్మిది పలక నిండా సున్నలు. మచ్చలు నిండిన పద్నాలుగులో గీతలే గీతలు. ఏదో కనిపెట్టినంత సంబరపడ్డాను.

ఆ వారమే ఆడవాళ్ల సంఘానికి, వాన పడ్డా చేపలెండే ప్లాస్టిక్ పందిరి వచ్చింది. పదిమందికే చోటు. అదీ ఊరవతల.

"బస్సోడు సేపల తట్ట ఎక్కనీడు. మోకాళ్లు సూత్తే ఇలాగున్నాయి. పేరు రాయించుకోమంతారా బాబూ?" అని గవరమ్మ అడిగింది.

"అక్కర్లేదు. వచ్చే రెండేళ్లూ మచ్చల కాలం. ఎండకు లోటుండదు" అన్నాను, పలకల మీద వేలు జరుపుతూ.

తనూ చేపలమ్మే పక్కింటి చిట్టితల్లి నవ్వింది. "దీదీ, బాబుకి సూరీడు సుట్టమేటి? పక్కా అని సీటీ రాసిచ్చినాడా?"

"నువ్వూరుకోయే. సదూకున్నోరు ఊరికే సెప్తారేటి" అంది గవరమ్మ. చిట్టితల్లి పేరు రాయించుకుంది. గవరమ్మ రాయించుకోలేదు.

ఆ పుస్తకంలోనే ఇంకో మాటుంది. ఆ వెలుగు తేడా వెయ్యిలో ఒక వంతు మాత్రమే. ఒక ఊరి వానను దాన్నిబట్టి చెప్పలేం, సముద్రం వేడీ గాలులూ దాన్ని మించిపోతాయి. అది చదివాకే నేను గోడ దగ్గరికి వెళ్లాను. మూడు పలకలు నా లెక్కకు ఎదురు తిరిగాయి. వాటిని దాటేశాను.

ఫిబ్రవరిలో ముసురు పట్టింది. గవరమ్మ సరుకు రెండుసార్లు పురుగు పట్టింది. నేను రెండు వారాలు ఆ వీధికి పోలేదు. చేపలు వేరే పేటలో, బతు బస్తీలో కొన్నాను.

చివరికి వెళ్లేసరికి ఆమె గోడ మీద సున్న చుడుతోంది.

"తప్పు చెప్పాను గవరమ్మా. మూడు పలకలు వదిలేశాను."

"తెలుసు బాబూ." వెనక్కి తిరగలేదు. "మా పిల్ల లహరి పెళ్లయిన ఏడాది. మా ఆయన పోయిన సాలు. ఆ తరవాతిది. మీ ఏలు అక్కడ ఆగనేదు. సదూకున్నోరు గదా, ఏదో లెక్కుంటాదనుకున్నాను."

నా దగ్గర లెక్కేమీ లేదని చెప్పాను.

"పందిరిలో ఇప్పుడు జాగా నేదంట. ఎవురైనా మానేత్తే సూత్తారంట" అంది. తట్టలో మిగిలిన మంచి నెత్తళ్లు ఏరి పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను.

ఆ పొట్లం ఇంకా అలాగే ఉంది. విప్పలేదు.