తీతువు మీద మోపిన నేరం

నిన్న పొద్దున మా ఇంటి వెనక ఖాళీ జాగాలో తీతువు అరిచింది. నాతో చాయ్ తాగుతున్న పక్కింటావిడ గబుక్కున లేచి కిటికీ మూసేసింది. "ఏం కీడు మూడిందో" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. డెబ్బై దాటినదాన్ని, ఇంత కోపం దేనికని మీరు అడగొచ్చు. దానికి ఓదెలు కాక సంగతి చెప్పాలి.

అరవైలు గడిచిపోతున్న రోజులవి. గోదావరిఖని కాలనీ బడిలో నేను కొత్త పంతులమ్మను. మా అన్న లింగయ్య బాయిలో బొగ్గు నింపేవాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. బాయిలో ఊరిన నీళ్లను మోటారుతో తోడి బయట పల్లానికి వదిలేవారు. ఎండలు ముదిరి చుట్టుపక్కల కుంటలన్నీ నెర్రెలు బారినా ఆ మడుగు మాత్రం తుంగతో పచ్చగా ఉండేది. ఆ మోటారు దగ్గర డ్యూటీ ఓదెలు కాకది. అంతకుముందు ఆయన బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. బండ పడి పాదం నలిగాక పైకి పంపారు.

ఒంటిపూట బడికి పోతూ మడుగు దగ్గర కాసేపు ఆగేదాన్ని. "కూసో పంతులమ్మా. ఏలు చూపకు, పిట్టలు లేచిపోతయి" అనేవాడు కాక. నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని తుంగలోకి దూరడం, కొంగ కదలక మెదలక గంటసేపు నిలబడడం ఆయన పక్కన కూర్చునే చూశాను. ఒకనాడు గట్టు మీది గులకరాళ్లలో నాలుగు గుడ్లు చూపించాడు. చూపించకపోతే తొక్కేసేదాన్నే, అచ్చం రాళ్లలాగే ఉన్నాయి. తీతువు నీళ్లలోకి దిగి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, వాటి మీద కూర్చుంది.

"ఎండకు గుడ్లు ఉడుకుతయని తడి మోసుకొస్తది. గిసొంటిదాన్ని కీడు పిట్ట అంటరు. సిగ్గుండాలె" అన్నాడు కాక.

వారం తిరక్కుండానే బాయిలో కప్పు కూలి మా అన్న చచ్చిపోయాడు. దుంగలు లేవని నాలుగు రోజులుగా ఇంట్లో మొత్తుకుంటూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా వాళ్ల పని చూసే సర్దార్ రేపు అనేవాడట. ఆ సర్దారే మా గడపలోకొచ్చి కూర్చున్నాడు. "ఏం జేస్తం అవ్వా. పొద్దుగాల డ్యూటీకి పోతుంటె తీతువు అరిచిందట. గడియ మంచిగ లేకుండె" అన్నాడు. మా అవ్వ నమ్మింది. చదువుకున్నదాన్ని, నేనూ నమ్మాను. ఈ ముక్క చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. రాయి తీసుకుని మడుగు గట్టుకు పోయాను.

కాక నన్ను ఆపలేదు. "కొట్టు బిడ్డా. కొట్టినంక, దుంగలేవని ఎవర్ని అడుగుతవు?" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. "గూడు పక్కపొంటి నడిస్తె అది అరవదా? మూడు షిఫ్టులకూ అరుస్తది. మరి దినాం ఎవరు సచ్చిండ్రు?"

రాయి పారేసి, అక్కడే కూలబడి ఏడ్చాను.

విచారణకు కంపెనీ దొర తన మనుషులతో వచ్చాడు. అన్నతో కలిసి తిన్నవాళ్లు, ఒకే తట్ట పట్టినవాళ్లు, తలలు దించుకున్నారు. ఒకడైతే తీతువు సంగతి కూడా చెప్పాడు. పిలవకపోయినా ఓదెలు కాక కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "పిట్ట అరిస్తె కప్పు కూలదు దొరా. దుంగ లేకుంటె కూలుతది. లింగయ్య అడిగిండు, వీళ్లు ఇయ్యలే. గది రాయుండ్రి" అన్నాడు. వాళ్లు రాయలేదు. అనుకోని ప్రమాదమని రాసుకుపోయారు. ఎవరు అనుకోనిది? మా అన్న నాలుగు రోజుల ముందే అనుకున్నాడు కదా!

సర్దార్‌కు ఏమీ కాలేదు. కాకను మాత్రం దూరపు బాయికి బదిలీ చేశారు. పోయే రోజు సంచి భుజాన వేసుకుని బడి దగ్గరికొచ్చాడు. "గుడ్లు పైలం" అని ఒక్కమాటే చెప్పాడు. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేదాకా రోజూ బడికి ముందు ఆ గట్టు మీద కాపలా కూర్చున్నాను. దగ్గరికి పోతే నా మీద కూడా అరిచింది ఆ పిట్ట. అరవనీ, దాని గూడు అది.

ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఈ పొద్దున పక్కింటావిడ పేపరు పట్టుకుని వచ్చింది. ఎక్కడో కడుతున్న స్లాబు కూలి ఇద్దరు కూలీలు పోయారట. "చూశారా, నిన్ననే అరిచింది" అంది. నేను లేచి, ఆవిడ మూసిన కిటికీ తెరిచాను.

"స్లాబు కింద దుంగలు పెట్టారో లేదో రాశారా అందులో? చదవండి" అన్నాను.

ఆవిడ పేపరంతా వెతికింది. రాయలేదు.