బాపు గోలీల డబ్బా

మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులను చదవడం నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కూర్చుని, పొదుగువాపు వచ్చిన ఆవుల పాలల్లో వాటిని వెతుకుతుంటాను. అలాంటి వాటిని ముద్దుగా పెంచి పెద్దచేసే నిపుణుడు గోదావరిఖనిలో మా ఇంట్లోనే ఉన్నాడని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన మా నాన్న, మేం బాపు అంటాం.

బొగ్గుబాయిలో పని. కంపెనీ దవాఖానలో ఇంట్లో ఎవరికి గోలీలు రాసినా, జ్వరం తగ్గగానే మిగిలినవి బాపు బిస్కెట్ డబ్బాలోకి చేరతాయి. మా క్వార్టర్ల లైనులో ఎవరికి నలతగా ఉన్నా ఆ మూత తెరుచుకుంటుంది. అడిగినవాళ్లకు లేదనకపోవడం ఆయనకు పెద్ద గొప్ప.

ఇంటి వెనక రేకుల షెడ్డులో అమ్మ పెంచుకునే ఆవు ఉండేది. దాని నాలుగు చన్నులకూ బాపు షిఫ్టుల పేర్లు పెట్టాడు. ఫస్టు, సెకండు, నైటు, జనరల్. ఒకరోజు నైటు షిఫ్టు వాచింది. బాపు బెల్లంలో గోలీలు పెట్టి తినిపించాడు. వాపు తగ్గగానే మానేసి మిగిలినవి డబ్బాలో వేశాడు. మళ్లీ వాచింది, మళ్లీ బెల్లం. ఆవుకు రోగం పోలేదు గానీ బెల్లం రుచి బాగా పట్టింది.

నేను సెలవుకు వచ్చేసరికి పాలు తరకలు తరకలుగా పడుతున్నాయి. ఈసారి తగ్గకపోతే ఆవును పశువుల బేరగాడికి అమ్మేయాల్సిందేనని అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది లేకపోతే అమ్మకు పొద్దుగడవదు. నాకూ గుబులేసింది.

శుభ్రమైన బుడ్డిలో పాలు పట్టి, మంచులో పెట్టి ప్రయోగశాలకు తీసుకుపోయాను. ఫలితం రాగానే పరీక్ష పళ్లెం ఫోటోతో తిరిగొచ్చాను. పళ్లెంలో పెరుగుతున్న సూక్ష్మజీవుల మధ్య రకరకాల మందుబిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. బాపు నమ్ముకున్న మందును ఆనుకుని అవి పచ్చికలా పెరిగాయి. ఒక్క మందు చుట్టే ఖాళీ ఉంది.

ఇవి ఇంత ఎట్ల నేర్చినయని బాపు అడిగాడు. మందును విరిచే విద్య జన్యువులో ఉంటుందని, అది పిల్లలకు వారసత్వంగా పోతుందని చెప్పాను.

"మన బాయిల తండ్రి నౌకరి ఇంటోళ్లకే వస్తది బాపూ. ఇవి బతికుండంగనే ఆ విద్యను పక్కింటోళ్లకు గూడ ఇస్తయి."

బాపు కళ్లద్దాలు తీసి ఆలోచించాడు. "మా యూనియన్ల గూడ గింత ఐకమత్యం లేకపాయె," అన్నాడు.

పశువుల డాక్టరు చుట్టూ ఖాళీ వచ్చిన ఆ ఒక్క మందుతోనే సూదులు మొదలుపెట్టాడు. వాపు తగ్గినా అన్నీ వేయాలని, ఆయన చెప్పేదాకా పాలు పారబోయాలని షరతు పెట్టాడు. అమ్మ మా ఇద్దరినీ తిడుతూ పారబోసింది.

వాపు దిగింది. ఇంకా కొన్ని సూదులు ఉండగానే పక్కింటి కాక వచ్చాడు. బాపుతో ఒకే షిఫ్టులో బాయి దిగేవాడు. తన ఆవుకూ పొదుగు వాచిందని, మీ ఆవు బాగైంది గనక మిగిలినవి ఇమ్మని అడిగాడు. బాపు లేచి నిలబడ్డాడు. అమ్మా నేనూ ఆయన చేతులవైపే చూశాం.

"ఇవి మిగిలినయి గావు తమ్మీ. అన్నీ దీనికే పడాలె," అన్నాడు.

కాక చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ పూట బాపుకు అన్నం సయించలేదు. ఆయన్ని అలా చూస్తే నాకు నిజంగా బాధేసింది. తెల్లారి చూస్తే నా సంచిలోని ఇంకో శుభ్రమైన బుడ్డి కనిపించలేదు. బాపు దాన్ని పట్టుకుని కాక షెడ్డులో కూర్చుని, చేతులు కడుక్కుని పరీక్షకు పాలు పితకమని ఆయనకు పాఠం చెబుతున్నాడు.

మా ఆవు కోలుకుంది. నాలుగు షిఫ్టులూ డ్యూటీ ఎక్కాయి. డాక్టరు సరేనన్నాక మొదటి పాలతో చాయ్ పెట్టి అమ్మ కాకకే పంపింది.

తిరుగు ప్రయాణం రోజు నాకు గొంతునొప్పి పట్టుకుంది. అలవాటుకొద్దీ డబ్బా మూత మీద చెయ్యి వేశాను. బాపు పైనుంచి నొక్కిపట్టాడు.

"ముందుగాల బుడ్డిల ఉమ్మి తే బిడ్డా. రిపోర్టు రానీ."