ఒకే రోజు ఇరవై రెండు హాజర్లు

టైము మాస్టారు నిజానికి మాస్టారేమీ కాడు. దారం మిల్లులో ఎలక్ట్రీషియను. గేట్ల దగ్గరున్న నాలుగు హాజరు మిషన్లూ ఆయన చేతిలో ఉన్నాయి. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడిని నిలబెట్టి, ఆ రెండు నిమిషాల గురించి పావుగంట క్లాసు పీకుతాడు. అలా పడింది ఆ పేరు. తన పెళ్లికి కూడా గంటన్నర ముందే వెళ్లి, కుర్చీలు వేసేవాళ్లతో కలిసి కుర్చీలు వేశాడట. ఆయన భార్య ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. అందులో నవ్వడానికేముందో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

హాజరు మిషను లోపల వేలిగోరంత చిప్పు ఉంటుంది. దాని పనల్లా సెకన్లు లెక్కపెట్టడమే. కరెంటున్నంతసేపు కరెంటు తింటుంది. కరెంటు పోతే పక్కనున్న బొత్తాం బ్యాటరీ మీద బతుకుతుంది. ఎంత తింటుందనుకున్నారు? దాని తిండి చూస్తే చీమ కూడా జాలిపడాలి. అందుకే ఆ కాస్త బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. అది కాస్తా అయిపోయిందా, కరెంటు పోగానే చిప్పు సర్వం మరిచిపోతుంది. మళ్లీ కరెంటు రాగానే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీ నుంచి లెక్క మొదలుపెడుతుంది.

బ్యాటరీ మార్చడంలో మాస్టారికో పద్ధతుంది. మార్చిన తేదీ దానిమీద పెన్నుతో రాస్తాడు. గూట్లో పెట్టి, కుడిచేతి బొటనవేలితో గట్టిగా నొక్కి, పైకి వినబడేలా పది లెక్కపెడతాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన కనిపెట్టిందే. కిందటేడు నాలుగు మిషన్లకీ అలాగే నొక్కాడు.

వెనక గేటు నుంచి రోజూ వచ్చేది ఒక్క మనిషే. ఆ వైపంతా ఊడ్చే ఆవిడ. మిల్లులో అందరికీ పిన్ని. జీతం కాంట్రాక్టరు చేతిలో, హాజరు మిషను చేతిలో. ఏడాదిలో రెండువందల యాభై రోజులు హాజరుంటే మిల్లు పర్మినెంటు చేసుకుంటుంది. లేకపోతే కాంట్రాక్టు అయిపోగానే ఇంటికే. పర్మినెంటయ్యేవాళ్ల లిస్టు ఆఫీసుకి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే పిన్ని మాస్టారి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, రెండువందల ముప్పై ఒకటేనంట! నెల రోజుల నుంచీ నేను రానే లేదంట!"

"రాలేదేమో పిన్నీ."

"ఒక్క రోజు కూడా మానలేదయ్యా. జ్వరంలో కూడా వచ్చాను."

"మిషను అబద్ధం చెప్పదు పిన్నీ. వేలు సరిగ్గా పెట్టి ఉండవు."

"రోజూ కుయ్యిమంటది కదా! అనకపోతే నేను కదులుతానా?"

"మనుషులు మరిచిపోతారు. మిషను మరిచిపోదు."

"అంత నమ్మకమున్నోడివి, విప్పి చూపించడానికి భయమెందుకు?"

భయమా! మాస్టారికి ఒళ్లు మండింది. ఆవిడ నోరు మూయించడానికే స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక గేటుకి నడిచాడు. మిషను ముఖం మీది లైటు ఏనాడో పోయింది, అది ఏ తేదీ చూపిస్తోందో ఎవరికీ కనబడదు. విప్పి, మీటరు పెట్టాడు. మూడు వోల్టులుండాల్సిన బ్యాటరీలో అర కూడా లేదు. దానిమీద ఆయన రాతే ఉంది, పది నెలల కిందటి తేదీ. ఎనిమిదేళ్లు రావాల్సింది పది నెలలకే చచ్చింది.

భూతద్దం పెట్టి చూశాడు. బ్యాటరీ గూటి ప్లస్సు, మైనస్సు కాళ్ల మధ్య తెల్లటి మరక. మరకలో సన్నటి గీతలు. గీతలకి అడ్డంగా ఒక గాటు. మాస్టారు తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు. పన్నెండో ఏట రేకు కోసుకున్న గాటు, అదే వంకర.

చెమటలో ఉప్పుంటుంది. షెడ్డులో చెమ్మ ఉంటుంది. రెండూ కలిసి, ఆ వేలిముద్ర మీదుగా బ్యాటరీలోని కరెంటు రాత్రింబవళ్లు కారిపోయింది. చిప్పు తిన్నదానికంటే మాస్టారి బొటనవేలు తిన్నది ఎక్కువ.

వెనక షెడ్ల మెయిన్ స్విచ్ సాయంత్రం ఆపి పొద్దున వేస్తారు. బ్యాటరీ చచ్చాక ఆ మిషనుకి ప్రతి పొద్దూ జనవరి ఒకటే. మెమరీ తెరిచి చూస్తే పిన్ని నంబరు బారులు తీరి ఉంది. రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీన ఆవిడ ఇరవై రెండు సార్లు డ్యూటీకొచ్చింది. అప్పటికింకా మిల్లు కట్టనేలేదు.

మేనేజరు అంతా విని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"బ్యాటరీ నాసిరకమని రాసెయ్యండి మాస్టారూ. కంపెనీకి ఉత్తరం పెడదాం. జవాబొచ్చాక ఈ ఇరవై రెండూ కలుపుదాం."

"జవాబెప్పుడొస్తుంది సార్?"

"రెండు నెలలు పట్టొచ్చు. లిస్టు మాత్రం ఈ సాయంత్రమే వెళ్లాలి."

"ఈరోజే కలపాలంటే?"

"మనవాళ్ల పొరపాటని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. పెడితే అది సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కాగితం లాక్కుని రాశాడు: "కారణం: నా కుడిచేతి బొటనవేలు."

మేనేజరు చదివి తలపట్టుకున్నాడు. "ఏ వేలో కూడా రాయాలా?"

"రాయకపోతే మిగతావాటి మీద అనుమానం ఉండిపోతుంది సార్."

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ కూర కలుపుతూనే అంది: "పోనీలెండి. ఇన్నాళ్లకి మీరూ ఒక తప్పు చేశారు, ఇక నాతో సమానంగా భోంచెయ్యొచ్చు."

సాయంత్రం వెళ్లిన లిస్టులో పిన్ని పేరు పక్కన రెండువందల యాభై మూడు అని ఉంది. వారానికి పర్మినెంటు కాగితం చేతికొచ్చింది. మర్నాడు ఆవిడ మాస్టారి గదిలోకి వచ్చి, ఎప్పట్లాగే బల్ల ఈ చివర నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది. థాంక్సు చెబుతుందని మాస్టారు ఎదురుచూస్తున్నాడు. పెద్దమనిషిలా, అబ్బే అదేముంది పిన్నీ, అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు.

"నా కోసం సంతకం పెట్టావంటగా. మంచోడివయ్యా మాస్టారూ," అంది పిన్ని. "ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ ఇరవై రెండు రోజులూ నీ గది ఎవరు ఊడ్చారనుకున్నావు?"

పిన్ని చీపురు ఆయన కుర్చీ కిందికి పోనిచ్చింది.

"కాస్త కాళ్లు పైకెత్తు," అంది.

ఆయన ఎత్తాడు.