అవ్వ నెగెటివుకు నేను చేసిన వైద్యం

పెళ్ళయిన ఏడాదే అత్తగారింట్లో, ఎప్పుడో చనిపోయిన ఒక పెద్దమనిషి కాపురంలో నిప్పులు పోసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ లలిత ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

అప్పట్లో నాకు పాత ఫిల్ముల పిచ్చి. నెగెటివ్ ముక్క చూపిస్తే అది ఏ రకం రీలో చెప్పేవాణ్ణి. అడక్కపోయినా చెప్పేవాణ్ణి. కంబదూరులో లలిత వాళ్ళ అవ్వ బిస్కెట్ల డబ్బాలోంచి అలాంటి ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తాతతో ఆమె దిగిన ఒకే ఒక్క ఫోటో. గోడ మీది పటాన్ని చెదలు తినేశాయి. అవ్వకేమో చూపు తగ్గిపోతోంది.

"కండ్లు పూర్తిగా పోకముందే ఆయప్ప మొగం ఒకసారి చూడల్ల నాయనా" అంది.

"ఇంత పెద్దగుండాదే, ఎక్స్‌రే ఏమో" అన్నాడు మా మామ.

ఇంకేం, నాకు పూనకం వచ్చింది. "కాదు మామా. అంచుల్లో చిల్లులుంటే ముప్పై అయిదు ఎం.ఎం. రీలు. దీనికి లేవు. వెడల్పు ఆరు సెంటీమీటర్లు, బొమ్మ నలుచదరం. ఇది నూట ఇరవై రీలు. ఆరువందల ఇరవై అయినా కావచ్చు. రెండిట్లో ఫిల్ము ఒకటే, చుట్టే కండె వేరు."

"అట్లనా" అన్నాడు మామ. అది నాకు మెచ్చుకోలులాగే వినబడింది.

నెగెటివుకు ఒక వైపు మెరుపు, రెండో వైపు మసక. మెరిసే వైపు మనకేసి పెట్టుకుంటే బొమ్మ సరిగ్గా కనబడుతుంది, అంచున ఉన్న కంపెనీ అక్షరాలూ తిన్నగా ఉంటాయి. ఇదంతా నాకు తెలుసు. అలాగే పెట్టాను. చూస్తే అవ్వ పైట కుడి భుజం మీద ఉంది.

అనంతపురం టౌనులో పెరిగినవాణ్ణి. పైట ఎడమ భుజం మీదే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. అక్షరాలు నెత్తీనోరూ కొట్టుకుంటున్నా వినకుండా ఫిల్ము తిప్పేసి, ఫోనుతో తీసి, కళ్యాణదుర్గంలో పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాను.

అవ్వ పటాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టుకుంది. "ఆయప్పే" అంది మెత్తగా. తర్వాత ఆమె వేలు పక్కకు జరిగి ఆగిపోయింది.

"ఈయమ్మ ఎవురు?"

"నువ్వే కదవ్వా."

"నేను యాడుండా? మా ఇండ్లల్లో అందురిదీ కుడి పైటే. ఆయప్ప ఉరవకొండకు శెనక్కాయలు అమ్మనీకి పోతే రెండు దినాలు ఆడ్నే ఉండిపోతాండె. ఎందుకుంటాండెనో ఇప్పుడు తెలిసె."

లలిత నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "అవ్వ పైట ఎప్పుడూ చూల్లేదా నువ్వు? నీ ఎదురుగానే కూసోనుండాది కదా."

నిజమే. అవ్వ నా ఎదుటే కుడి పైటతో కూర్చుంది. నాకు నెగెటివులు తప్ప మనుషులు కనబడితే కదా.

ఆ పూట అవ్వ సంగటి ముట్టలేదు. చూపు మిగిలిన కాస్త కాలంలో ఆమెకు ఇదా నేను చూపించింది అని సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే పరుగెత్తి, సరైన వైపు ప్రింటు వేయించి తెచ్చాను. అవ్వ చాలాసేపు చూసింది. "ఇది నేనే" అంది. తాత ముఖం మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. మా అందరికీ కళ్ళు చెమర్చాయి. గండం గడిచిందనుకుని, రెండూ ఒకటే ఫోటో అని, ఫిల్ము తిప్పితే అట్లా వస్తుందని ఓపిగ్గా వివరించాను. అవ్వ అంతా విని తల ఆడించింది.

"సరేప్పా, ఈ పటం నాతో దిగినాడు. నిన్న తెచ్చిన దాంట్లో ఉండే ఆయమ్మ ఎవురో, యా ఊరో, అది కనుక్కో."

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ నెగెటివునూ నా సొంత తెలివితో సరిదిద్దను. అందులో మొగుడూ పెళ్ళాలు ఉంటే అసలు ముట్టుకోను.