జిలానీ బాషా వాటా

జిలానీ బాషాకి ఒకటే పిచ్చి. ఢిల్లీ సర్కారు కట్టినవన్నీ తనవే అంటాడు. లైట్‌హౌసు తనది, రైలింజను తనది, ఎర్ర పోస్టుడబ్బా తనది. విశాఖపట్నం పాతపోస్టాఫీసు దగ్గర గొడుగులు బాగుచేసుకునే మనిషికి ఇంత ఆస్తి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అంటే, అగ్గిపెట్టె కొన్నాడు కాబట్టి.

నాది పక్కనే టైలరు కొట్టు. "నీకు ఆదాయమే లేదు, పన్నెక్కడ కడుతున్నావు భాయ్?" అని ఉడికించేవాణ్ణి.

వెంటనే చొక్కాజేబులోంచి అగ్గిపెట్టె తీసి, దానిమీద అంటించిన సన్నటి పన్ను కాగితం చూపించేవాడు. "ఇది సూడు త్రినాథరావు బావా! పెట్టె కొన్నానా, అందులోంచి పన్ను ఢిల్లీ ఎల్లిపోనాది. ఇదే నా రసీదు!"

పోనీ, మనిషి బీడీ తాగుతాడా అంటే అదీ లేదు. ఓసారి పోస్ట్‌మేన్ పైడయ్య నోట్లో బీడీ పెట్టుకుని ఒక్క పుల్ల అడిగాడు.

"పుల్ల తియ్యాలంటే కాగితం సింపాల. సింపితే రసీదు సెల్లదు," అన్నాడు బాషా. "అన్నట్టు ఆ సంచీ కింద పెట్టకు. అందులో నా వాటా ఉంది."

పైడయ్య మళ్లీ ఆ అరుగెక్కితే ఒట్టు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో పని మానుకుని బస్సెక్కి చూసొచ్చేవాడు. "ఎంతవరకొచ్చింది నీ ఫ్యాక్టరీ?" అంటే, "ఏటొస్తాది నా బొంద! ఓనరు లేకపోతే పని సాగుద్దా?" అని విసుక్కునేవాడు. ఇంట్లో పెళ్లాం మెహబూబ్ బీ నెత్తి కొట్టుకునేది. "ఫ్యాక్టరీల దొరగారూ, డబ్బాలో చక్కెర లేదు!"

ఓ రోజు ఉన్నట్టుండి గాలి రేగింది. వేటకెళ్లిన తెప్పలన్నీ వెనక్కొచ్చాయి, సూరన్నది తప్ప. అతని భార్య గంగాలమ్మ, మాకు రోజూ చేపలు తెచ్చే మనిషి, బాషా కొట్టు ముందు కూలబడిపోయింది.

"ఓడల్ని లాగే టగ్గు పడవ ఉంది కదా, అది పంపమని పోర్టు ఆఫీసులో అడుగు," అన్నాన్నేను.

"నానా? ఆఫీసరు బాబుల్ని నానేటడగ్గల్ను? తోలేత్తారు బాబూ."

"తోలేత్తారా! ఎవరి టగ్గనుకున్నావు? లే గంగాలప్పా!" అని బాషా చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరాడు. కొంప మునిగింది, అక్కడ కూడా ఈ గోలే పెడతాడని వెంటపడ్డాను.

ఆఫీసరు శ్రీరామ్మూర్తి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "గాలి బాగా ఉందయ్యా. పైనుంచి ఆర్డరు రావాలి. ఇంతకీ నువ్వెవరు?"

నేను కళ్లు మూసుకున్నాను.

"నానెవర్నీ కాను సార్," అన్నాడు బాషా. "టగ్గు ఓనరు ఈవిడ."

గంగాలమ్మ బిత్తరపోయింది. ఆమెకి అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె అడిగి తీసుకుని బాషా బల్లమీద పెట్టాడు. పన్ను కాగితం ఎప్పుడో చిరిగి వేలాడుతోంది.

"సిన్నప్పట్నుంచీ సుట్ట కాలుస్తంది సార్. పెట్టె కొన్నప్పుడల్లా పన్ను కట్టింది. కాగితం సిరిగితే ఏటి, కట్టింది కట్టిందే! నా వాటా ఒగ్గేయండి. ఈవిడ వాటా మటుకు సముద్రంలోకి పంపండి."

చిరిగితే చెల్లదని ఊరందరితో పోట్లాడిన మనిషేనా ఈ మాట అంటున్నది!

ఆఫీసరు గారు అగ్గిపెట్టె వంక చూశారు. కొంగు నోట్లో కుక్కుకున్న గంగాలమ్మ వంక చూశారు. "పైవాళ్లకి నేను చెప్పుకుంటాలే," అని ఫోనందుకున్నారు.

పొద్దు గూకేవేళకి టగ్గు రేవుకొచ్చింది. దాని మీద గోనెపట్టా కప్పుకుని సూరన్న! అమ్మయ్య!

"సచ్చినోడా! ఎక్కడికి పోనావురా?" అని గంగాలమ్మ మొగుణ్ణి రెండు గుద్దులు గుద్ది, వాటేసుకుని భోరుమంది.

సూరన్న పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఒక సుట్టముక్క ముట్టించే," అన్నాడు. ఆమె రొంటి తడుముకుంది. పెట్టె ఆఫీసరు గారి బల్లమీదే ఉండిపోయింది.

బాషా జేబులో చెయ్యి పెట్టాడు. పన్ను కాగితం పర్రుమని చింపి, పుల్ల గీసి, గాలికి రెండు చేతులూ అడ్డంపెట్టి చుట్ట ముట్టించాడు.

"భాయ్, నీ రసీదు!" అన్నాను.

"ఇంకెందుకు బావా? కట్టిన పన్ను ఒడ్డుకొచ్చింది కదా," అన్నాడు.

మర్నాడు నేను కొట్టు తెరవకముందే, జేబులో కొత్త అగ్గిపెట్టెతో ప్రత్యక్షమయ్యాడు. "పద బావా, ఆఫీసరు గారితో సెప్పాల. గంగాలప్ప టగ్గుకి రంగు ఎలిసిపోనాది."